ఖాళీ గడి

ఈ ఏడాది తాళంచెవి నా దగ్గరుంది.
నాకు ముందు నహుయేల్ దగ్గర,
వాడికి ముందు, రెండుసార్లు బస్సులో పారేసుకున్న
ఇత్సియార్ దగ్గర.
మా బడి మ్యూజియం తలుపు టీచర్లు తీయకూడదు.
అది రూలు. ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు.

ఒకప్పుడది విరిగిన బెంచీలు పడేసే గది.
ఇప్పుడు తలుపు తీస్తే ముందు
కలరా ఉండల వాసన పలకరిస్తుంది.
ఆ తర్వాతే కళ్ళకి ఆనుతుంది,
వరదకి ఏటి గట్టు కూలినప్పుడు బయటపడ్డ
గ్లిప్టోడాన్ డొప్ప.
తాబేలు కాదు, తాబేలు కాదని
ప్రతి శుక్రవారం చిన్న తరగతులకి
పద్నాలుగుసార్లు చెప్తాను.
అంతా శ్రద్ధగా విని
ఈ తాబేలు ఏం తినేదని అడుగుతారు.

సీసాల్లో పాములు రంగు వెలిసిపోయాయి.
ఆర్మడిల్లో చెవి ఒకటి ఎలకలు కొరికేస్తే
మైనంతో చేసి అతికించాం. కాస్త పెద్దదైంది.
పాపం, అప్పట్నుంచీ అది
పక్కగదిలో లెక్కల పాఠం వింటున్నట్టుంటుంది.

గురువారాలు ఒక ముసలాయన వచ్చేవాడు.
టోపీ తీసి చంకలో పెట్టుకుని
తెల్లమొహం గుడ్లగూబ ముందు నిలబడేవాడు.
మిగతా వాటికేసి తల తిప్పేవాడు కాదు.
పక్షులంటే ఇష్టమా అని ఒకసారి అడిగాను.
లేదు, అన్నాడు.

జులై చలికి వేళ్ళు కొంకర్లు పోతుండగా
సిరా పాలిపోయిన చీటీలన్నీ తిరిగి రాస్తున్నాం.
పాత రిజిస్టర్లో, ఎవరో పిల్లాడి గుండ్రటి రాతలో:
నంబరు నూట పద్నాలుగు. గుడ్లగూబ. ఆడది. 1961.
దొరికిన చోటు, రైల్వేస్టేషన్ నీళ్ళ ట్యాంకు.
చావుకి కారణం, ఉండేలు దెబ్బ.
ఇచ్చినవారు
అన్న గడి ఖాళీ.

నా భుజం మీంచి చూస్తున్నాడని
ఊపిరి తగిలేదాకా తెలీలేదు.
"బసిలియో ఉర్కీసా" అన్నాడు, "ఆరో తరగతి."
బడిపిల్లాడు హాజరు పలికినట్టే.
రాశాను.
"గూట్లో రెండు పిల్లలున్నాయి. అదీ రాయి.
మూడు రాత్రులు అరిచాయి.
మా ఇల్లు స్టేషన్ వెనకే."

ముక్కు పొడవుకి గడి ఉంది, బరువుకి ఉంది,
రెక్క కొలతకి ఉంది.
మూడు రాత్రులకి లేదు.
గమనికలు అన్న సన్నటి సందులో ఇరికించాను:
గూడు. రెండు పిల్లలు. ఏ నెల?
"నవంబరు," అన్నాడు. "పీచ్‌లు ఇంకా పచ్చివే."
నవంబరు, అని రాసి
ఇది చాలా పనికొచ్చే సమాచారం అన్నాను.
నిజమే. మా ఊళ్ళో ఈ పక్షి గూడు గురించి
ఇంకెక్కడా ఒక్క ముక్క లేదు.
అయినా ఆ మాట నా నోట్లో
మైనం చెవిలా అతకలేదు.
ఆయన మాత్రం సందు దగ్గర వేలు పెట్టి
రెండుసార్లు చదువుకుని
టోపీ పెట్టుకున్నాడు.

తర్వాతి గురువారం రాలేదు.
శుక్రవారం వచ్చాడు, చిన్నపిల్లల గుంపు వెనకాల,
వాళ్ళలాగే వరసలో.
ఇది ఎలా చచ్చిపోయిందని ఎవరో అడిగారు.
నేను నోరు తెరిచేలోపు
"నేనే కొట్టాను" అన్నాడు.

గది నిశ్శబ్దమైపోయింది.
నహుయేల్ కిటికీకేసి తిరిగాడు.
నేను తాళంచెవి గట్టిగా పట్టుకున్నాను.

అప్పుడు ముందు పళ్ళు ఊడిన ఒక పిల్ల
చెయ్యెత్తి అడిగింది,
"ఎంత దూరం నుంచి?"

ఆయన ఆలోచించాడు.
గ్లిప్టోడాన్ దగ్గర్నుంచి తలుపు దాకా,
తలుపు దాటి నడవలోకి
అంగలు లెక్కపెట్టుకుంటూ నడిచాడు.
పిల్లలూ వెనకాలే, పైకి లెక్కపెడుతూ.

ఇరవై మూడు.
అదీ రాసుకున్నాను.